పల్లెబడి తల్లి: అన్బు అజరయ్యగారి జీవితము



జూన్ మాసమున తొలకరి చినుకులు పడి, ఉట్నూరు చుట్టుపట్ల నల్లరేగడి చేలలో పత్తియు జొన్నయు విత్తుచున్న దినములలోనే మన ఆశ్రమ పాఠశాలలు తెరచుకొనును. గూడెములనుండి, తండాలనుండి తల్లులు బిడ్డలను వెంటబెట్టుకొని వత్తురు. గోండు తల్లి కావచ్చును, కోలాము తల్లి కావచ్చును, నాయకపోడు తల్లియో లంబాడీ తల్లియో కావచ్చును; బిడ్డ పేరు రిజిస్టరులో వ్రాయించి, బట్టల మూటను వసతిగృహమున దింపి, ఆ తల్లి బడి గుమ్మము కడనే ఆగిపోవును. బిడ్డను లోనికి పిలిచిన బడి తల్లిని పిలువదు. పిలువవలెనన్న తలంపే మనలో పెక్కుమందికి కలుగదు. బిడ్డకు చదువు చెప్పదలచిన బడి తల్లికిని చదువు చెప్పవలెననియు, అట్లు చెప్పని బడి తన పనిలో సగమే చేసినదనియు నా దృఢమైన నమ్మకము. ఈ నమ్మకమునకు ఆధారముగా నేడు మీకొక జీవితమును నివేదింపగోరుచున్నాను. ఆమె ఉపాధ్యాయిని, ఒక మహాపురుషుని సహధర్మచారిణి, ఆరుగురు బిడ్డల తల్లి, పరమభక్తురాలైన క్రైస్తవ స్త్రీ. నిజాం రాజ్యమున డోర్నకల్ కేంద్రముగా తెలుగుపల్లెల నడుమ జీవించి, ఆ పల్లెల బడిపంతుళ్ల భార్యలను చేరదీసి అక్షరములు దిద్దించిన ఆ మహిళ పేరు అన్బు మరియమ్మాళ్. భర్త పేరుతో కలిపి లోకము ఆమెను అన్బు అజరయ్య అని ఎరుగును.

ఆమె జన్మించినది తెలుగుగడ్డ మీద కాదు. తమిళదేశమున దక్షిణపు కొసనున్న తిరునెల్వేలి సీమ ఆమె జన్మస్థానము. పందొమ్మిదవ శతాబ్దమున ఆ సీమలో క్రైస్తవ సంఘములు విస్తరించిన చోటులనెల్ల బాలికల పాఠశాలలును వెలసినవి. ఆడుపిల్లకు అక్షరమేలయని దేశమంతయు ప్రశ్నించుచున్న కాలమున, పాళయంకోట్టలోని సారా టక్కర్ విద్యాసంస్థ ఆ శతాబ్ది ముగియకమునుపే కళాశాల స్థాయికి ఎదిగినది. అట్టి వాతావరణమున పెరిగిన అన్బుగారు దక్షిణ భారతమున కళాశాల విద్యనభ్యసించిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఒకరైరి. ఆనాడు కళాశాల చదువు చదివిన స్త్రీకి పట్టణమున గౌరవప్రదమైన జీవితమును, స్థిరమైన జీతమును దుర్లభములు కావు. ఆమె వానినాశ్రయింపక, ముందుముందు ఎన్నడును బడిమొగము చూడని స్త్రీల నడుమ కూర్చుండుటకే ఆ చదువును వినియోగించిరన్న మాటను మనము మొదటనే మనసున నిలుపుకొనవలెను.

1898వ సంవత్సరము జూన్ 29వ తేదీన ఆమెకు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారితో వివాహమైనది. ఆయన ఆనాటికి ఇరువదినాలుగేండ్లయినను నిండని యువకుడు. వై.ఎం.సి.ఏ. సంస్థకు కార్యదర్శిగా దక్షిణదేశమంతట తిరుగుచుండెను. ఆ సీమలో అన్బుగారిని మించిన భక్తిపరురాలైన కన్య లేదని ఆయన విశ్వాసము. కులమును, ఆస్తిని, అందచందములను వెనుకకు నెట్టి, భక్తియను ఒక్క గుణమును ముందుంచుకొని చేసికొన్న వివాహమది. ఆ పెండ్లిలో వరకట్నము లేదు. వరుడు దానిని నిరాకరించెను. పెండ్లి ఖర్చంతయు కలిసి 40 రూపాయలు. ఈ అంకెను మన ప్రాంతపు తల్లిదండ్రులు ఒక్కసారి తమ మనసున పెట్టుకొనవలెనని వేడుచున్నాను. ఉపాధ్యాయ ఉద్యోగము దొరికిన మరునాడే అబ్బాయి వెల పెరుగుచున్న ఈ కాలమున, చదివిన పిల్లకు చదివిన వరుని తెచ్చుటకై అమ్మనాన్నలు చేలు తాకట్టు పెట్టుచున్న ఈ కాలమున, రమారమి నూటపాతికేండ్ల క్రిందటనే విద్యావంతులైన ఒక జంట అప్పుతో ఆరంభింపని కాపురమును లోకమునకు చూపిరి. అప్పు లేని ఇల్లు గనుకనే అది తరువాత పరులకు తెరచిన ఇల్లయ్యెను.

తిరునెల్వేలినుండి డోర్నకల్‌కు వారు వచ్చిన వృత్తాంతము గూడ తెలిసికొనదగినది. 1902లో అజరయ్యగారు సింహళద్వీపమునందలి యాళ్పాణమునకు వెళ్లి, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో, తమ సొంత మనుష్యులతో పొరుగువారికి సేవ చేయుచుండుట చూచిరి. తమ తిరునెల్వేలి సంఘము వారికన్న ఎంతో పెద్దదయ్యు అట్టి పనికి పూనుకొనలేదే అన్న చింత ఆయనను పట్టుకొన్నది. మరుసటి యేట, అనగా 1903లో, తిరునెల్వేలి భారత మిషనరీ సంఘము స్థాపితమైనది. విదేశపు సొమ్ము పుచ్చుకొనకుండ, విదేశీయుల అధికారము లేకుండ, ఈ దేశపు క్రైస్తవులే నడుపవలసిన సంఘమది. వారెన్నుకొన్న సేవాక్షేత్రము నిజాం రాజ్యమునందలి మానుకోట, డోర్నకల్ ప్రాంతము. ఊరూర తిరిగి ఇతరులను ఈ సేవకు పంపుచుండిన అజరయ్యగారికి, తాను పోకుండ ఇతరులను పొమ్మనుట న్యాయము కాదని తోచినది. 1909లో ఆయన గురువుగా అభిషేకమొంది డోర్నకల్‌కు తరలిరి. భార్యాబిడ్డలును ఆయనతోడనే తరలిరి.

చరిత్రకారులు ఆ ప్రయాణమును అజరయ్యగారి త్యాగముగా వర్ణింతురు. అది నిజమే, కాని ఆ త్యాగమున సగభాగము అన్బుగారిది. పుట్టినింటిని, చుట్టపక్కములను, తన భాష మాట్లాడు లోకమును విడిచి, చిన్నబిడ్డలను పొదువుకొని, కాజీపేటనుండి బెజవాడకు పోవు రైలుమార్గమున సింగరేణి బొగ్గుగనులకు దారి చీలు ఆ జంక్షను ఊరికి ఆమె చేరిరి. చుట్టును అడవి, రాళ్లగుట్టలు, చెరువులక్రింది వరిమళ్లు, వర్షము తప్పిన యేడు కరువు. పల్లెల పేదలకు వెట్టిచాకిరి నిత్యకృత్యము. ప్రభుత్వపు కచ్చేరులయందు అధికార భాష ఉర్దూ. ప్రజలు మాట్లాడునది తెలుగు. ఆమె యెరిగినది తమిళము. కళాశాల చదువు చదివిన స్త్రీ అక్కడ మరల ఓనమాలు దిద్దవలసివచ్చినది. ఆమె దిద్దిరి. భార్యాభర్తలిరువురును తెలుగు నేర్చి, ఆ తెలుగులోనే ప్రార్థించి, ఆ తెలుగులోనే బోధించిరి.

ఈ విషయమును మన ఉట్నూరు ప్రాంతపు ఉపాధ్యాయులు మిక్కిలి శ్రద్ధతో ఆలోచింపవలసియున్నది. మన బడికి వచ్చు బిడ్డ ఇంట మాట్లాడునది గోండీ, లేక కోలామీ, లేక లంబాడీల గోర్ బోలీ. సంతలో వినునది మరాఠీయు ఉర్దూయు. బడిలో ఎదురగునది తెలుగు, దాని వెంటనే ఆంగ్లము. ఈ చిక్కును మన ప్రాంతమున మొదట గుర్తించి పనిచేసిన స్థలము మార్లవాయి. 1940లో జోడేఘాట్ కొండలలో గోండు వీరుడు కుమ్రం భీము నేలకొరిగిన పిమ్మట, గిరిజనుల కష్టమునకు కారణములు తెలిసికొనుటకై నిజాం ప్రభుత్వము పిలిపించిన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ పండితుడు తన భార్య బెట్టీతో మార్లవాయిలో గుడిసె వేసికొని నివసించెను. 1943లో అచ్చట గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఆరంభమైనది. గోండీ భాషలో వాచకములు సిద్ధమైనవి. బిడ్డకు భాష రాదని నిందించుట మాని, ఉపాధ్యాయుడే బిడ్డ భాష నేర్వవలెనన్న ధర్మము అక్కడ ఆచరణలోనికి వచ్చినది. అంతకు మూడు దశాబ్దములకు పూర్వమే డోర్నకల్‌లో అన్బుగారు ఆచరించినది ఆ ధర్మమునే. పరుల బిడ్డకు పాఠము చెప్పబూనిన వ్యక్తి ముందుగా ఆ బిడ్డ తల్లివద్ద కూర్చుండి మాటలు నేర్చికొనవలెను. ఆ వినయము లేని పాండిత్యము అడవిపల్లెలో అక్కరకు రాదు.

ఇక ఆమె చేసిన పని యొక్క స్వరూపమును చూతము. డోర్నకల్ ప్రాంతమున క్రైస్తవమతమును స్వీకరించినవారిలో అత్యధికులు, అంటరానివారని ఊరిబయట నెట్టబడిన మాల మాదిగ కుటుంబములవారు. వారి వాడలలో ప్రభుత్వపు బడి లేదు; ఊరిబడి ఉన్నచోట వారి బిడ్డలకు ప్రవేశము లేదు. కనుక ఒక్కొక్క పల్లెకును ఒక్కొక్క బడిపంతులును పంపుట అజరయ్యగారి పద్ధతి. ఆ పంతులే ఉపదేశి కూడ. పగలు పిల్లలకు గుణింతములు; ప్రొద్దుక్రుంకిన తరువాత కూలి పని ముగించుకొని వచ్చిన పెద్దలకు రాత్రిబడి, ప్రార్థన, కీర్తన. ఒకే తాటియాకుల పాక పగలు పాఠశాలయు రాత్రి ప్రార్థనాలయమునై యుండెడిది. పంతులు కాపురము దాని ప్రక్కనే. ఆ పంతులు గూడ ఆ పల్లెలలోనుండి వచ్చినవాడే, కొద్ది తరగతులు చదివినవాడే. జీతము అత్యల్పము. ఊరి పెద్దల కోపమునకు గురియగుట సామాన్యము. అట్టి స్థితిలో ఆ పంతులును నిలిపినది ఎవరు?

ఆతని భార్య. గుడిసెకు నిట్రాడు ఎట్టిదో పల్లెబడికి పంతులుగారి భార్య అట్టిది. కప్పును చూచి జనులు మెచ్చుకొందురు, నిట్రాటిని చూడరు, అది ఒరిగిననాడు మాత్రము అందరును ఎరుగుదురు. పంతులు పొరుగూరికి పోయిననాడు బడి పిల్లలను కనిపెట్టియుండునది ఆమె. జ్వరముతో మూలుగుచున్న కూలివాని ఇంటికి గంజి పంపునది ఆమె. పురుషుడైన పంతులు అడుగిడలేని చోటులందు, అనగా పురిటింట, వంటింట, నీళ్లబావి గట్టున, నాటుమడిలో, ఆడువారితో మాటాడునది ఆమె. అట్టి ఆమెకే అక్షరము రాకున్నచో పల్లె స్త్రీలందరికిని చదువు అందని పండే యగును. ఈ సత్యమును డోర్నకల్ దంపతులు గ్రహించిరి.

కనుకనే డోర్నకల్‌లో గురువులుగా, ఉపదేశులుగా శిక్షణ పొందవచ్చిన పురుషులు ఒంటరిగా రాక, భార్యాబిడ్డలతో వచ్చి, చిన్న చిన్న ఇండ్లలో కాపురముండి, తమ చేతులతో పనిచేసికొనుచు చదువుకొనెడివారు. భర్త ఒక తరగతిలో కూర్చున్నపుడు భార్య వేరొక తరగతిలో కూర్చుండెడిది. ఆ భార్యల తరగతి అన్బుగారి ప్రత్యేక బాధ్యత. ముప్పదియేండ్ల ఇల్లాలు చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని తొలిసారి పలక పట్టుట ఎంత కష్టమో, బోధించువారికి ఎంత ఓర్పు కావలయునో పెద్దలకు చదువు చెప్పినవారే యెరుగుదురు. చిన్నబిడ్డ తప్పు చదివిన నవ్వి మరల చదువును. పెద్దయామె తప్పు చదివిన సిగ్గుచే మరునాడు రాదు. ఆ సిగ్గును పోగొట్టవలెనన్న ఆజ్ఞ పనికిరాదు, స్నేహము కావలెను. అన్బుగారు తల్లి, వారును తల్లులు. బిడ్డలను గూర్చిన మాటలు రెండు వైపులవారికిని తెలిసిన భాష.

అక్షరములు వచ్చిన పిదప ఆ చదువు దేనికి? అజరయ్యగారు తమ సంఘములయందు నాలుగు దయ్యములను వెళ్లగొట్టవలెనని పదేపదే బోధించెడివారు. మురికి, రోగము, అప్పు, కల్లుసారాయి, ఇవియే ఆ నాలుగు. బిషప్పుగారు వేదికమీదనుండి వీనిపై యుద్ధము ప్రకటింపవచ్చును గాని, యుద్ధము జరుగు చోటు ఇల్లు. ఇల్లు ఊడ్చి, బిడ్డకు స్నానము చేయించి, నీళ్లకుండపై మూత పెట్టి మురికితో పోరాడునది తల్లి. మశూచికమో, విషూచియో వచ్చినపుడు భయముతో మ్రాన్పడక మందు త్రావించి రోగముతో పోరాడునది తల్లి. పెండ్లికిని చావుకును షావుకారు గుమ్మము త్రొక్కకుండ గింజగింజ దాచి అప్పుతో పోరాడునది తల్లి. కూలి డబ్బులు కల్లుదుకాణమునకు చేరకమునుపే ఇంటికి చేర్చుటకై, ఆకటితో, కొన్ని వేళల దెబ్బలతో గూడ పోరాడునది తల్లి. అందుచేత ఈ నాలుగింటిని వెళ్లగొట్టదలచినవారు తల్లిని బలపరుపక గత్యంతరము లేదు. అన్బుగారి తరగతి గది చిన్నదైనను, డోర్నకల్ ఉద్యమమునకు అది ఆయువుపట్టు అని నేననుట ఇందుచేతనే.

ఇంగ్లండులో 1876లో మేరీ సమ్నర్ అను గురుపత్ని ప్రారంభించిన తల్లుల సంఘము, మదర్స్ యూనియన్ అను పేర లోకమంతట వ్యాపించినది. డోర్నకల్ మండలమున ఆ సంఘమునకు నాయకత్వము వహించినది అన్బుగారు. పరదేశపు సంస్థ తెలుగుపల్లెకు వచ్చినపుడు అది తెలుగు తల్లుల కూటమిగా మారినది. కూలికి పోవు స్త్రీలు ఒకచోట చేరి, ప్రార్థించి, కష్టసుఖములు చెప్పుకొని, బిడ్డల పెంపకమును గూర్చి ఆలోచించుట ఆ వాడలలో క్రొత్త సంగతి. ఈ సందర్భమున మన తెలుగు క్రైస్తవ కుటుంబములందు తరతరములుగా వచ్చుచున్న ఒక ఆచారమును పేర్కొనవలెను. ఇల్లాలు అన్నమునకు బియ్యము కొలుచునపుడెల్ల ఒక పిడికెడు తీసి వేరుకుండలో వేయును. వారము చివర ఆ బియ్యము దేవాలయమునకు చేరును. ఇతరులయెదుట చేయిచాచుటయే తమ తలవ్రాతయని నమ్మించబడిన పేదలు దాతలైరి. తన సంఘములు అన్యదేశపు ధనముపై ఆధారపడరాదని నమ్మి, దానధర్మమును గూర్చి పుస్తకమే వ్రాసిన అజరయ్యగారి ఆర్థికనీతి, పల్లెలో ఆచరణకు వచ్చినది ఇల్లాలి పిడికిటిలోనే.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రలులో అజరయ్యగారు బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవిని పొందిన మొట్టమొదటి భారతీయుడాయన. పల్లెప్రజలు ఆయనను తండ్రిగారని పిలిచిరి. అప్పటినుండి మూడు దశాబ్దములకు పైగా ఆయన ఎడ్లబండిమీదను సైకిలుమీదను పల్లెపల్లె తిరుగుచుండగా, తరచుగా అన్బుగారును ఆ యాత్రలలో తోడుండిరి. బండి ఆగిన పల్లెలో పనులు రెండు పాయలుగా చీలెడివి. ఆయనచుట్టు పురుషులు చేరి పంచాయతీలు, బడి లెక్కలు, బాప్తిస్మముల సంగతులు విన్నవించుచుండగా, ఆమెచుట్టు స్త్రీలు చేరెడివారు. ఆమె మాటలు సభావిశేషములకై పలికినవి కావు. విన్న స్త్రీల బిడ్డల బ్రతుకులలో ఫలించినవి.

తల్లిగా ఆమె బాధ్యత స్వల్పమైనది కాదు. ఆరుగురు బిడ్డలు. భర్త ఒకమారు కలకత్తాలో, ఒకమారు మద్రాసులో, ఒకమారు సముద్రముల కావల. ఇంటికి అతిథుల రాకపోకలకు లెక్క లేదు. పల్లె ఉపదేశి వచ్చినను సీమదొర వచ్చినను భోజనము పెట్టవలసినదే. తన బిడ్డలను కనిపెట్టుచు పరుల బిడ్డలను మరువకుండుట, పరుల బిడ్డలకై పాటుపడుచు తన బిడ్డలకు లోటు రానీయకుండుట, ఉపాధ్యాయినియైన ప్రతి తల్లికిని తెలిసిన కత్తిమీది సాము. ఈ మాట వినుచున్నవారిలో ఉదయమున వంటచేసి, పిల్లలను తయారుచేసి, బస్సు పట్టుకొని నార్నూరో, ఇంద్రవెల్లియో, సిర్పూరో పోయి పాఠములు చెప్పి, చీకటివేళ ఇల్లు చేరు పంతులమ్మలు ఎందరో యుందురు. అమ్మా, మీరు చేయుచున్నది సామాన్యమైన పని కాదు. అన్బుగారి బలమునకు మూలము ఆమె భక్తి. ప్రార్థన ఆమెకు పనినుండి విరామము కాదు, పనికి ఊట. ఇల్లు, బడి, దేవాలయము అను మూటిని మూడు వేర్వేరు కొలువులుగా ఆమె భావింపలేదు; ఒకే ప్రభువునకు మూడు స్థలములలో చేయు ఒకే సేవగా భావించిరి. ఏ మతస్థులకైనను ఇట్టి అఖండమైన జీవితదృష్టి ఆదర్శప్రాయమే.

ఈ సేవతో ముడిపడిన మతాంతరీకరణమును గూర్చి ఆ రోజులలోనే తీవ్రమైన వాదోపవాదములు జరిగినవి. 1930వ దశకమున మహాత్మా గాంధీగారికిని అజరయ్యగారికిని ఈ విషయమున గట్టి అభిప్రాయభేదము కలిగినది. ఇరువురును దేశభక్తులే, ఇరువురును దళితజనోద్ధరణమును కోరినవారే. ఆ వాదమును తీర్చుట ఈ ప్రసంగమునకు మించిన పని. కాని ఏ పక్షమువారైనను అంగీకరింపవలసిన సంగతి యొకటి కలదు. అక్షరము ముట్టరాదని శతాబ్దములుగా శాసింపబడిన స్త్రీ చేతికి పలక నిచ్చుట మానవధర్మము. ఆ ధర్మమును నెరవేర్చినవారికి మనమందరమును ఋణపడియున్నాము.

1910లో స్కాట్లండు దేశపు ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్యగారు చేసిన ప్రసంగము ప్రసిద్ధము. పాశ్చాత్య మిషనరీలు ఈ దేశమునకు ధనమిచ్చిరి, ప్రాణములనుసైత మర్పించిరి, కాని సమానులుగా కూర్చుండబెట్టుకొను స్నేహమును ఇంకను ఈయవలసియున్నదని ఆయన నిర్భయముగా పలికిరి. తెల్లవారిని అడిగిన ఆ స్నేహమును తమకన్న దిగువనున్నవారికి తాము ఇచ్చుచున్నామా అన్న పరీక్షకు ఆ కుటుంబము నిలువవలసియుండెను. పైకులమువారికడ సమానత్వమును కోరి, క్రిందివారికడ దానిని దాచుకొనుట మన దేశపు పాతజబ్బు గదా! అన్బుగారు ఆ పరీక్షలో నెగ్గిరి. కళాశాల చదువు చదివిన బిషప్పుగారి భార్య, మాలపల్లెనుండియు మాదిగవాడనుండియు వచ్చిన ఇల్లాలికి అక్షరములు దిద్దించిరి. సభలో పలికిన మాట పల్లెలో నిలబడినది.

ఆ సేవాఫలము క్రమముగా కంటికగపడజొచ్చెను. తరువాతి కాలమున కృష్ణాతీరపు ప్రాంతములును చేరి డోర్నకల్ మండలము విశాలమైనది. 1935 నాటికి ఆ మండలమున 2,000కు మించిన పల్లెబడి పంతుళ్లు పనిచేయుచుండిరి. వైద్యశాలలు, సహకార సంఘములు, ముద్రణాలయములు నడచుచుండెను. 1939 జనవరి 6వ తేదీన డోర్నకల్‌లో ఎపిఫనీ కతీడ్రలు ప్రతిష్ఠితమైనది. దేవాలయపు స్తంభములును, మసీదుల గుమ్మటములును, క్రైస్తవ చిహ్నములును కలసిన ఆ కట్టడము, ఈ దేశపు భక్తి ఈ దేశపు శిల్పముతోనే పలుకవలెనన్న అజరయ్యగారి ఆశయమునకు నిదర్శనము. 1945 జనవరి 1వ తేదీన ఆయన డోర్నకల్‌లోనే తనువు చాలించిరి. ఆయన కలలుగనిన సంఘైక్యము 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా రూపొందెను. వెస్లియన్ మెథడిస్టుల సేవలో పెరిగిన మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతపు సంఘములును ఆ ఐక్యతలో భాగమైనవి. కాబట్టి ఈ వైపు చిన్న ప్రార్థనామందిరములో ఆదివారమునాడు కూడు స్త్రీల మైత్రికిని, డోర్నకల్‌లో అన్బుగారు నడిపిన తల్లుల కూటమికిని బాంధవ్యము కలదు.

శ్రోతలారా, గొప్పవారి జీవితమును వినుట, విని మెచ్చుకొనుట సులభము. అంతటితో ఆగినచో ఈ ప్రసంగము వలన ప్రయోజనము లేదు. ఉట్నూరు ప్రాంతమున మనము చేయదగిన పనులు మూడు నాకు తోచుచున్నవి.

మొదటిది, బడిలో తల్లులకు ఒక గంట. ఆశ్రమ పాఠశాల కానిండు, ప్రభుత్వ పాఠశాల కానిండు, క్రైస్తవ సంఘము నడుపు బడి కానిండు, పంటకోతలు ముగిసిన మాసములలోనైనను వారమునకు ఒక సాయంకాలము తల్లులను లోనికి పిలిచి, బిడ్డ పలుకు అక్షరములను వారిచేతను పలికింపవలెను. తన బిడ్డ వ్రాసినదానిని చదువగలిగిన తల్లి, ఆ బిడ్డను పదవతరగతి దాకనైన చేర్చక మానదు. ఆడుపిల్లను నడుమ బడి మాన్పించి పెండ్లి చేయవలెనన్నవారికి మొదట అడ్డుపడునది ఆ తల్లియే.

రెండవది, ఉపాధ్యాయులు గూడెపు భాషను నేర్చికొనుట. పూర్తిగా రాకున్నను, బిడ్డను ఇంటిపేరుతో పలుకరించి, ఆకలియో, జ్వరమో, దిగులో అడిగి తెలిసికొనదగినంత గోండీ, కోలామీ నేర్చుట ఏ ఉపాధ్యాయునికైనను అసాధ్యము కాదు. తమిళదేశపు స్త్రీ తెలుగు నేర్చి తెలుగుతల్లులకు చదువు చెప్పగలిగినపుడు, ఈ నేలమీద ఉద్యోగము చేయు మనము ఈ నేలభాష నేర్వకుండుటకు చెప్పదగిన కారణమేమున్నది?

మూడవది, ఉపాధ్యాయుల భార్యలను, ఉపాధ్యాయినులైన భార్యలను గుర్తించుట. బడి వార్షికోత్సవమున శాలువ కప్పునపుడు, సంఘపు సభలో దండ వేయునపుడు, పంతులుగారి పేరు చెప్పి ఆగక, ఆ పంతులుగారిని నిలిపిన ఇల్లాలి పేరును గూడ పలుకుడు. ఆమె చేసిన పనిని లెక్కలోనికి తెండు. పేరు పలుకుట చిన్న మర్యాదగా తోచవచ్చును. కాని పేరు పలుకని పనిని తరువాతి తరము నేర్వదు. అజరయ్యగారి పేరు నెరిగినవారు దేశమున లక్షలమంది. అన్బుగారి పేరు నెరిగినవారు ఎందరు? ఆ లోటును నేటి మన యిండ్లలోనైనను దిద్దుకొందము.

విశ్వాసము ఆమెను పల్లెకు నడిపినది, విద్య ఆమె చేతికి సాధనమైనది, మాతృత్వము ఆమెకు పల్లెస్త్రీల హృదయద్వారములను తెరచినది. ఈ మూటిలో ఏది లోపించినను ఆ సేవ అట్లు జరిగియుండదు. మన ఆశ్రమ పాఠశాలలలో, సంఘములలో, మన యిండ్లలో విద్యయు మాతృత్వమును కొఱత లేక యున్నవి. ఎవరి దేవుని వారు కొలుచు భక్తియును ఉన్నది. వానిని ఒక పనికి జతపరచుట మాత్రము మిగిలియున్నది. రాబోవు విద్యాసంవత్సరమున ఉట్నూరు మండలమున ఒక్క బడి, ఒక్కటంటే ఒక్క బడి, తల్లుల తరగతిని ఆరంభించినను, అన్బు అజరయ్యగారికి మనము చెల్లింపదగిన గౌరవము చెల్లించినట్లే. ఆ పనికి పూనుకొను ఉపాధ్యాయులకును, ఉపాధ్యాయినులకును, సిగ్గువిడిచి పలక పట్టు తల్లులకును నా హృదయపూర్వక నమస్సులు.